పిల్లికూతలు, మాటిమాటికీ రొంప, దగ్గు: ఐదేళ్ళ లోపు పిల్లల కోసం తెలిసినవాళ్ళు రాయండి

పెన్నాగట్టు (ఏఎన్ఎం, ఆత్మకూరు వైపు):
అక్టోబరు వానలు పడితే మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సబ్‌సెంటర్ల ముందు కూర్చునేదంతా చిన్నపిల్లల తల్లులే. ఇన్నిసార్లు రొంప రావడం మామూలేనా, ఎప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలి, నెబులైజర్ మిషన్ కొనాలా, పంపు (ఇన్‌హేలర్) వాడితే అలవాటైపోద్దా. తిప్పి తిప్పి ఇవే అడుగుతారు. తెలిసినవాళ్ళు కొలతలతో, పద్ధతితో రాయండి. మా పాపకు అలా అయింది, మా బాబుకు ఇలా తగ్గింది అనే కథలు ఈ దారంలో వద్దు, వాటికి వేరే దారం ఉంది.

బాలవైద్యం_నెల్లూరు:
ముందు లెక్క. ఐదేళ్ళ లోపు బిడ్డకు ఏడాదికి 6 నుంచి 8 సార్లు జలుబు రావడం మామూలు. అంగన్‌వాడీలో కొత్తగా చేరినా, ఇంట్లో బడికెళ్ళే అన్నో అక్కో ఉన్నా 10, 12 దాకా పోవచ్చు. ఒక్కో జలుబు వారం పది రోజులు, దాని వెనక దగ్గు రెండు మూడు వారాలు. ఇవన్నీ కూడితే అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ముక్కు ఆరినట్టే ఉండదు. దాన్నే "ఇమ్యూనిటీ లేదు" అంటారు, టానిక్కులు కొనిపిస్తారు. టానిక్కు జలుబుల సంఖ్యను తగ్గించదు.

చూడాల్సింది రెండు జలుబుల మధ్య బిడ్డ ఎలా ఉన్నాడని. ఆడుతున్నాడు, తింటున్నాడు, బరువు కార్డులో గీత పైకి పోతోంది అంటే భయం లేదు. పరీక్షలు చేయించాల్సిన వాళ్ళు వేరు. ఎక్స్‌రేలో తేలిన నెమ్ము (న్యుమోనియా) ఏడాదిలో రెండుసార్లు వచ్చినవాళ్ళు, మొత్తం మీద మూడుసార్లు వచ్చినవాళ్ళు, ప్రతిసారీ ఊపిరితిత్తిలో అదే చోట వచ్చేవాళ్ళు. పుట్టినప్పటి నుంచీ కూత ఉన్నవాళ్ళు, పాలు తాగిన ప్రతిసారీ పొలమారేవాళ్ళు, బరువు పెరగనివాళ్ళు. రెండు వారాలు దాటిన దగ్గుతో పాటు బరువు తగ్గుతున్నా, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉన్నా క్షయ పరీక్ష తప్పనిసరి.

ఇంకోటి. తల్లులు పిల్లికూత అని చెప్పేదాంట్లో సగం పిల్లికూత కాదు. ముక్కులో చీమిడి, గొంతులో కఫం గురగురమంటాయి. రెండు ముక్కుపుటాల్లో రెండేసి చుక్కలు సెలైన్ వేసి, రెండు నిమిషాలు ఆగి మళ్ళీ వినండి. చప్పుడు పోతే అది ముక్కుదే. అసలు కూత ఊపిరి వదిలేటప్పుడు సన్నగా, ఈల వేసినట్టు వస్తుంది, వదలడానికి ఎక్కువసేపు పడుతుంది. ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు గరగరమని, దగ్గు కుక్క మొరిగినట్టు ఉంటే అది గొంతు వాపు. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు కూడా ఆ గరగర వినిపిస్తే ఇంట్లో ఏమీ చేయకండి, ఆస్పత్రికే.

ఒంగోలు_సిస్టర్:
ఊపిరి లెక్కపెట్టడం రాకుండా మిగతావి ఎన్ని తెలిసినా దండగ. పిల్లల్లో నెమ్ము చావులు తగ్గించడానికి 2019లో మొదలైన 'సాన్స్' అనే ప్రభుత్వ కార్యక్రమంలో ఆశాలకు నేర్పేదీ ఇదే, కానీ తల్లులకు చేరలేదు.

బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెట్టొద్దు. ఒడిలో నిద్రపోతుంటే మంచిది. చొక్కా గొంతు దాకా పైకి లాగండి, లైటు పక్క నుంచి పడాలి. పొట్ట, రొమ్ము కలిసే చోట కన్ను పెట్టి, ఒక్కసారి పైకి లేచి దిగితే ఒకటి. ఫోనులో టైమర్ పూర్తిగా 60 సెకన్లు. అర నిమిషం చూసి రెట్టింపు చేస్తే తప్పు వస్తుంది, పసిపిల్లలు కాసేపు గబగబా తీసి కాసేపు ఆగుతారు. రెండు నెలల లోపు 60, రెండు నెలలు నిండి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. అంత గానీ, అంతకు మించి గానీ ఉంటే అది వేగంగా ఊపిరి తీయడం, ఆ రోజే చూపించాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60 వస్తే వెంటనే మళ్ళీ లెక్కపెట్టండి, రెండోసారీ అంతే వస్తే ఆలస్యం చేయొద్దు. ఒళ్ళు కాలిపోతుంటే అంకె కాస్త పెరుగుతుంది, జ్వరం దిగాక ఇంకోసారి చూడండి.

డొక్కలెగరేయడం అంటే అందరూ పొట్ట ఆడటం చూస్తారు. పొట్ట ఆడటం పసిపిల్లలకు సహజం. చూడాల్సింది పక్కటెముకల కింది అంచు. గాలి లోపలికి పోయేటప్పుడు అది బయటికి రావాలి. లోపలికి గుంట పడుతుంటే, ప్రతి ఊపిరికీ పడుతుంటే, అంకె ఎంతున్నా సరే ఆస్పత్రికి.

108కి ఫోన్ చేయాల్సినవి: రొమ్ము పట్టలేకపోవడం లేదా నీళ్ళు కూడా తాగలేకపోవడం, తాగిందంతా కక్కడం, పిలిచినా కళ్ళు తెరవకపోవడం, ఫిట్స్, పెదాలు నాలుక నీలం తిరగడం, మూలుగు. ఆటోలో కంటే 108 ఎందుకంటే అందులో ఆక్సిజన్ ఉంటుంది. నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రులకు ఊళ్ళ నుంచి గంట పైన పట్టే దారి.

కందుకూరు_నాయన:
అక్కా, ఇంట్లో ఆక్సీమీటర్ (ఒంట్లో ఆక్సిజన్ శాతం చూపేది) ఉండాది. 94 చూపిస్తే ఉండొచ్చా?

ఒంగోలు_సిస్టర్:
అన్నా, పెద్దోళ్ళ క్లిప్పు బిడ్డ వేలికి వదులు. వెలుతురు పక్క నుంచి దూరి తప్పు అంకె చూపిస్తుంది. కాలి బొటనవేలికి పెట్టి, మీద గుడ్డ కప్పి, నాడి అంకె నిలకడగా అర నిమిషం నిలిచాక చదవండి. 92 కన్నా తక్కువ అయితే బయల్దేరాల్సిందే. 94 ఉన్నా డొక్కలెగరేస్తుంటే బయల్దేరాల్సిందే. మిషన్‌లో అంకె బాగుంది అంటే బిడ్డ బాగున్నాడని కాదు.

కందుకూరు_నాయన:
సరే. మరి నెబులైజర్ కొనుక్కుంటే ఇంట్లోనే అయిపోద్ది గదా. పంపు అంటే మా ఊళ్ళో ఉబ్బసం ముసలోళ్ళు వాడేదే, పసిబిడ్డకు అలవాటు చేస్తే ఎట్లా అని ఇంట్లో పెద్దోళ్ళు ఒప్పుకోవడం లేదు.

ఊపిరి_టెక్నీషియన్:
అలవాటు మాట ముందు తేల్చేద్దాం. మిషన్‌లో పోసేదీ, పంపులో ఉండేదీ చాలావరకు ఒకటే మందు, సాల్బుటమాల్ (ఆస్తాలిన్ అని అందరూ పిలిచేది). పంపుకు ఒక నొక్కుకు 100 మైక్రోగ్రాములు. మిషన్‌లో పోసే చిన్న ట్యూబులో 2.5 మిల్లీగ్రాములు, అంటే 25 నొక్కులంత. మిషన్‌తో పోసిందాంట్లో ఎక్కువ భాగం గాల్లో కలుస్తుంది, కప్పులో మిగులుతుంది. మిషన్‌కు లేని అలవాటు పంపుకు ఎక్కడి నుంచి వస్తుంది? మాస్కు ఉన్న స్పేసర్‌తో (పంపుకు తగిలించే ప్లాస్టిక్ గొట్టం) వేస్తే మామూలు ఆయాసంలో పంపు మిషన్‌కు ఏమాత్రం తీసిపోదు. కరెంటు అక్కర్లేదు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. తుపాను రోజుల్లో కరెంటు పోయి మిషన్ మూలన పడుంటే ఈ తేడా తెలుస్తుంది.

పంపును స్పేసర్ లేకుండా పసిబిడ్డ నోట్లో నేరుగా కొట్టడం మాత్రం వృథా, మందు నాలుక మీదే పడుతుంది.

వేసే తీరు. పంపును నాలుగైదు సార్లు గట్టిగా ఊపండి. కొత్తదైనా, వారంగా వాడకపోయినా ముందు రెండుసార్లు గాల్లోకి కొట్టండి. బిడ్డను ఒడిలో నిటారుగా, వీపు మీ రొమ్ముకు ఆనించి కూర్చోబెట్టండి. పడుకోబెట్టి వేయొద్దు. మాస్కు ముక్కునూ నోటినీ కలిపి మూయాలి, అంచు బుగ్గకు అతుక్కోవాలి. సందు కనిపిస్తే మందు అక్కడి నుంచే పోతుంది. ఒక్క నొక్కు. ఐదారు ఊపిర్లు తీసేదాకా మాస్కు కదలనివ్వొద్దు, స్పేసర్ కవాటం ఒక్కో ఊపిరికీ టపటపలాడటం కనిపిస్తుంది, దాన్నే లెక్కపెట్టండి. అర నిమిషం ఆగి, మళ్ళీ ఊపి, రెండో నొక్కు. రెండు నొక్కులు కలిపి ఒకేసారి కొడితే మందు బొట్లుగా చేరి స్పేసర్ గోడకు అంటుకుంటుంది.

ఏడుస్తుంటే మందు బాగా లోపలికి పోతుందని చాలామంది నమ్మకం. తిరగబడిన లెక్క అది. ఏడుపులో ఊపిరి వదలడం పొడుగు, పీల్చడం ఒక్క ఎగపోత. మందు గొంతులో కొట్టుకుని కడుపులోకి పోతుంది. బాగున్న రోజుల్లో మాస్కును బొమ్మకు పెట్టి, అమ్మకు పెట్టి ఆడిస్తే ఆయాసం రోజున గొడవ ఉండదు.

కొత్త స్పేసర్‌ను పెట్టెలోంచి తీసి నేరుగా వాడకండి. ప్లాస్టిక్‌లో ఉండే స్థిర విద్యుత్తు మందును గోడకు లాగేస్తుంది. గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు గోరువెచ్చని నీళ్ళలో కలిపి పావుగంట ముంచండి. లోపల గుడ్డతో తుడవకండి, తుడిస్తే మళ్ళీ విద్యుత్తు పుడుతుంది. బోర్లించి గాలికి ఆరబెట్టండి. మాస్కును మాత్రం మంచినీళ్ళతో తొలవాలి. నెలకోసారి ఇంతే.

కావలి_మెడికల్స్:
స్పేసర్ కొనలేనివాళ్ళ కోసం ఒక మాట. అర లీటరు నీళ్ళ సీసా అడుగున పంపు మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం వేడి చేసిన తీగతో చేసి, చుట్టూ జిగురు పెట్టి మూసి, సీసా మూతిని నోట్లో పెట్టించే పద్ధతి ఉంది. దక్షిణాఫ్రికాలో పరీక్షించి పనిచేస్తుందని చూశారు. నోటితో పట్టుకోగల పిల్లలకు, అంటే మూడు నాలుగేళ్ళ పైన.

ఊపిరి_టెక్నీషియన్:
అవును, పనిచేస్తుంది. రంధ్రం వదులైతే మాత్రం పనికిరాదు.

మిషన్ ఇప్పటికే కొన్నవాళ్ళకు: ట్యూబు 2.5 మి.లీ. మందుకు సెలైన్ కలిపి 3 నుంచి 4 మి.లీ. చేయండి, అంతకంటే తక్కువైతే కప్పు అడుగునే ఉండిపోతుంది. కుళాయి నీళ్ళు, మినరల్ వాటర్ కలపొద్దు, వాటితోనే ఆయాసం పెరగొచ్చు. పది నిమిషాల్లో అయిపోవాలి. ఇరవై పడుతుంటే గాలి ఫిల్టర్ నల్లబడిందో, కప్పులో సన్నరంధ్రం మూసుకుందో చూడండి. మాస్కును మొహానికి దూరంగా పట్టుకుని పొగ చూపిస్తారు కొందరు, అది మందు వేసినట్టు కాదు. చప్పుడు లేని అల్ట్రాసోనిక్ మిషన్లలో బుడెసోనైడ్ (కూత రాకుండా రోజూ వేసే మందు) సరిగ్గా రాదు, కొనేముందు చూసుకోండి.

పెన్నాగట్టు:
ఇంట్లో ఎన్ని నొక్కుల దాకా ఆగొచ్చో కూడా చెప్పండి. అక్కడే తప్పులు జరుగుతున్నాయి.

బాలవైద్యం_నెల్లూరు:
డాక్టరు రాసిచ్చిన కాగితం ఉన్న పిల్లలకే ఇది. మామూలుగా రెండు నొక్కులతో మొదలు, తగ్గకపోతే 20 నిమిషాలకు మళ్ళీ రెండు, ఇంకో 20 నిమిషాలకు ఇంకో రెండు. రెండు గంటల్లో ఆరు నొక్కులు మించి అవసరమైతే ఇంట్లో ఉండకూడదు, దారిలో కూడా వేస్తూ బయల్దేరండి. ఏడాది లోపు బిడ్డకు గంటగంటకూ అవసరం పడుతుంటే ఆ రోజే చూపించాలి. వేశాక చేతులు కాస్త వణకడం, గుండె దడ మామూలే, కాసేపట్లో తగ్గుతాయి. అదే మందును సిరప్‌గా పోస్తే వణుకు ఎక్కువ, పని తక్కువ.

ఏడాది లోపు పిల్లల్లో మొదటిసారి వచ్చే కూత చాలావరకు బ్రాంకియోలైటిస్ (సన్న ఊపిరి గొట్టాల వాపు), ఆర్‌ఎస్‌వి వైరస్‌తో. మూడు నుంచి ఐదో రోజు దాకా పెరిగి తర్వాత దిగుతుంది. దీనికి పంపు, మిషన్, యాంటీబయాటిక్ పెద్దగా పనిచేయవు. ముక్కు శుభ్రం చేయడం, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పాలు పట్టడం, అవసరమైతే ఆక్సిజన్. అందుకే అంతకుముందు ఇంకొకరి బిడ్డకు రాసిన చీటీతో మందు కొనకండి.

కావలి_మెడికల్స్:
కౌంటర్ దగ్గర రోజూ జరిగే తప్పులు రాస్తాను. జ్వరం మందు పారాసిటమాల్ మూడు బలాల్లో ఉంటుంది. సీసా మీద 5 మి.లీ.లో 125 మి.గ్రా. అని ఉండొచ్చు, 250 అని ఉండొచ్చు. చుక్కల మందులో ఒక్క మి.లీ.లోనే 100. మోతాదు కిలోకు 15 మి.గ్రా., అంటే 10 కిలోల బిడ్డకు 150. మొదటిది 6 మి.లీ., రెండోది 3 మి.లీ., చుక్కల మందయితే 1.5 మి.లీ. పేరు ఒకటేనని సీసా మార్చి పాత లెక్కలో పోస్తే రెట్టింపు పడుతుంది. చుక్కల మందును చెంచాతో 5 మి.లీ. పోస్తే మూడింతలు దాటింది. ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లకు మించొద్దు. వంటింటి చెంచా వాడొద్దు, సీసాతో వచ్చిన మూతో, సిరంజో వాడండి.

దగ్గు సిరప్ అడక్కండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్ళ లోపు వద్దని 2023 డిసెంబరులో కేంద్రం లేబుల్ మీద వేయించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసిన దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్ళ లోపు దగ్గు మందులు రాయొద్దని, ఐదేళ్ళ లోపు సాధారణంగా వద్దని ఆరోగ్య శాఖ చెప్పింది. ఏడాది నిండిన బిడ్డకు రాత్రి పడుకునేముందు అర చెంచా తేనె చాలు. ఏడాది లోపు తేనె నాకించడం కూడా వద్దు, బోట్యులిజం (నరాలను చచ్చుబరిచే విషజబ్బు) ప్రమాదం. పచ్చ చీమిడి చూసి ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ అజిత్రోమైసిన్ పోయకండి, వైరస్ జలుబులోనూ నాలుగో రోజుకు చీమిడి పచ్చబడుతుంది.

కొండపి_టీచరమ్మ (అంగన్‌వాడీ):
మందుల గురించి ఇంత రాశారు, పొగ గురించి ఎవరూ రాయలేదే. తలంటు పోసి బుట్ట కింద సాంబ్రాణి వేసి బిడ్డను ఆ పొగలో పడుకోబెట్టడం ప్రతి ఇంటా ఉంది. పసిబిడ్డ ఊపిరి గొట్టాలు సన్నం, ఆ పొగ నేరుగా కూత తెప్పిస్తుంది. పొద్దున్నే నీళ్ళపొయ్యి దగ్గర చలి కాగుతూ అవ్వ ఒళ్ళో బిడ్డ. రాత్రి మూసిన గదిలో దోమల చక్రం. నాన్న బయట బీడీ తాగొచ్చి అదే చొక్కాతో ఎత్తుకోవడం. జనవరిలో భోగిమంట. ఇవి కాక మిరపకాయల కళ్ళాలు, పొగాకు బ్యారన్ల కట్టెల పొగ, వరి నూర్పిడి దుమ్ము, సర్కారు తుమ్మ కాల్చే బొగ్గుబట్టీలు. చీమకుర్తి వైపు రాతిదుమ్ము. ఎవరి ఊరికి ఏది ఉంటే దాని గాలి వాలు చూసుకుని ఆ పూట కిటికీలు మూయాలి.

కందుకూరు_నాయన:
సాంబ్రాణి వేయకపోతే జుట్టు ఆరదు, రొంప చేస్తది అంటారు టీచరమ్మా.

కొండపి_టీచరమ్మ:
రొంప వైరస్‌తో వస్తుంది నాయనా, తడి జుట్టుతో కాదు. మెత్తని పాతచీర ముక్కతో రెండుసార్లు అద్దితే పసిబిడ్డ జుట్టు ఐదు నిమిషాల్లో ఆరుతుంది. అత్తగారు ఒప్పుకోకపోతే సాంబ్రాణి దేవుడి గదిలో వేసి తలుపు మూయండి, బిడ్డ మాత్రం బయట.

దోమలకు తెర కట్టండి. బూరుగుదూది పరుపు ఎండలో వారానికోసారి, దుప్పట్లు మరిగే నీళ్ళలో. వానల్లో గోడ చెమ్మకు బూజు పట్టిన మూల పక్కన ఉయ్యాల కట్టొద్దు.

ఒంగోలు_సిస్టర్:
టీచరమ్మ రాసినదానికి తోడు ఇవి. కర్పూరం కొబ్బరినూనెలో కాచి రొమ్ముకు రాయడం రెండేళ్ళ లోపు వద్దు, మింగితే ఫిట్స్ వస్తాయి. గిన్నెలో వేడినీళ్ళ ఆవిరి అసలొద్దు, తిరగబడి ఒళ్ళు కాలిన పిల్లలే వార్డుకు వస్తారు. ముక్కులో నూనె చుక్కలు, ఏడుస్తుంటే తల వెనక్కి వంచి ఉగ్గుగిన్నెతో ఆముదం పోయడం, ఇవి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నూనెతో వచ్చే నెమ్ము యాంటీబయాటిక్‌కు తగ్గదు.

ఈఎన్‌టీ_గూడూరు:
ఒక్క విషయం చెప్పి పోతాను. జలుబు లేదు, జ్వరం లేదు, తింటూ ఆడుతూ ఒక్కసారిగా పొలమారి, ఆ తర్వాత దగ్గు, ఒకవైపే కూత. ఊపిరి గొట్టంలో వేరుశనగ పప్పు ఇరుక్కుందనుకోండి. మన దగ్గర శనగలు, చింతపిక్కలు కూడా. ఎక్స్‌రేలో గింజ కనిపించదు, ఎక్స్‌రే మామూలుగా ఉందని ఊరుకోకూడదు. పొలమారడం అప్పుడే తగ్గిపోయి, వారాల తర్వాత "తగ్గని నెమ్ము"గా వస్తుంది, మధ్యలో ఎవరూ ఆ సంగతి అడగరు. మత్తిచ్చి బ్రాంకోస్కోపీతో (ఊపిరి గొట్టంలోకి కెమెరా గొట్టం పంపి) తీయాల్సిందే. నాలుగేళ్ళు నిండేదాకా వేరుశనగ గింజగా ఇవ్వకండి, పొడి చేసి పెట్టండి.

పగలంతా నోరు తెరిచి ఊపిరి తీసుకుంటూ, రాత్రి గురక పెట్టే పిల్లలకు అడినాయిడ్ (ముక్కు వెనక పెరిగే కండ) ఉందేమో చూపించండి.

పెన్నాగట్టు:
టీకాలు నేను రాస్తా. న్యుమోనియా టీకా పీసీవీ 2021 నుంచి దేశమంతా ప్రభుత్వ పట్టికలో ఉంది, 6 వారాలు, 14 వారాలు, 9 నెలలకు. పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే టీకా) 6, 10, 14 వారాలకు. 9 నెలలకు మీజిల్స్ రుబెల్లా. విటమిన్ ఎ 9 నెలలకు లక్ష యూనిట్లు, తర్వాత ఆర్నెల్లకోసారి రెండు లక్షలు, ఐదేళ్ళ దాకా. మొత్తం తొమ్మిది డోసులు. ఒకటి రెండు వేయించి తల్లులు ఆపేస్తున్నారు. జలుబు ఉందని టీకా వాయిదా వేయనక్కర్లేదు.

బాలవైద్యం_నెల్లూరు:
ఫ్లూ టీకా ప్రభుత్వ పట్టికలో లేదు, బయట వేయించుకోవాలి. ఆరు నెలలు నిండాక, మొదటి ఏడాది నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి. పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి మన వానలకు సెప్టెంబరు లోపే అయిపోవాలి.

మాటిమాటికీ కూత వచ్చే పిల్లలకు రోజూ వేసే బుడెసోనైడ్ పంపు వేరు, ఆయాసానికి వేసే సాల్బుటమాల్ వేరు. మొదటిది ఆయాసం రోజున పనికిరాదు, బాగున్న రోజుల్లో వేస్తేనే పని. రెండు మూడు నెలలు వేసి, తేడా ఉందో లేదో చూసి డాక్టరు కొనసాగిస్తారు లేదా ఆపేస్తారు. కూత తగ్గగానే తల్లులే ఆపేసి, పదిహేను రోజులకు మళ్ళీ వస్తారు. వేశాక నోరు తుడిచి నీళ్ళు తాగించాలి, మాస్కు ఆనిన చోట మొహం కడగాలి, లేకపోతే నాలుక మీద తెల్లపూత.

ఇంకో రెండు మాటలు, కొందరికి నచ్చకపోవచ్చు. ఉబ్బసానికి, అలర్జీకి వాడే మాంటెలూకాస్ట్ సిరప్‌ను జలుబు మందులా ప్రతి చీటీలో రాస్తున్నారు. పీడకలలు, నిద్రలో ఉలికిపాటు, కోపం వచ్చే అవకాశం ఉందని అమెరికా ఔషధ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక పెట్టింది, బిడ్డ నడత మారితే ఆ మందు సంగతి డాక్టరుకు చెప్పండి. రెండోది, ఊళ్ళో వేసే "జలుబు ఇంజెక్షన్" చాలాసార్లు స్టెరాయిడ్. ఒక్కరోజులో తేరుకుంటాడు కాబట్టి పేరొస్తుంది. ఏమేసారో అడిగి చీటీ మీద రాయించుకోండి.

కందుకూరు_నాయన:
ఆఖరుగా ఒకటి. పంపు ఖాళీ అయిందని ఎట్లా తెలుస్తది? ఊపితే చప్పుడు వస్తానే ఉండాది.

ఊపిరి_టెక్నీషియన్:
చప్పుడు చేసేది మందు కాదు, అందులోని గ్యాసు. మందు అయిపోయాక కూడా కొడితే పొగ వస్తుంది, లోపల సాల్బుటమాల్ ఉండదు. నీళ్ళలో తేలేస్తే ఖాళీ అనే పరీక్షా నమ్మొద్దు, నీళ్ళు సన్నరంధ్రంలోకి పోయి మూసేస్తాయి. డబ్బా మీద ఎన్ని నొక్కులో రాసి ఉంటుంది, సాల్బుటమాల్‌కు మామూలుగా 200. అంకెల కిటికీ ఉన్న పంపయితే అదే చూసుకోండి. లేకపోతే అట్టపెట్టె మీద పెన్నుతో గీతలు, ఐదుకో అడ్డగీత, పాలవాడి ఖాతా లెక్క. గాల్లోకి కొట్టిన రెండూ కలుపుకోండి. 180కి వచ్చాక కొత్తది తెచ్చి పెట్టుకోండి.